సైరన్ ఎవరికి వినపడాలి?

సైరన్ల షాపు యజమానిగారికి,

నమస్కారం. మీ షాపుకు వచ్చిన తెల్ల వ్యాను నేను మా ఊరి ఆసుపత్రికి ఇస్తున్నది. దానికి సైరను, దీపాలు మీరే బిగిస్తారని అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఎలాంటివి కావాలో రాసే ముందు ఒక రోజు సంగతి రాయాలి.

ఆ రోజు పొద్దున నా భార్య పొయ్యి మీది పాలు దించి కుర్చీలో కూర్చుంది. చెమట పట్టింది. "కాస్త ఫ్యాను వేయండి" అంది. వేశాను. కాసేపటికి "వేశారా?" అంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు అంబులెన్సుకు ఫోన్ చేశాను. వాళ్లు త్వరగానే వచ్చారు. ఆమెను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. నేను పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. సైరన్ బండి పైకప్పుకు, సరిగ్గా మా నెత్తిమీద ఉంది. బజారు దాటుతుండగా ఆమె నా వైపు తిరిగి ఏదో చెప్పింది. పెదవులు కదలడం కనిపించింది. వంగి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను. సైరన్ తప్ప ఏమీ వినపడలేదు. "మళ్లీ చెప్పు" అన్నాను. చెప్పింది. మళ్లీ వినపడలేదు. ఇంక పోనీలే అన్నట్టు చెయ్యి ఊపింది. ఆసుపత్రి గేటు దగ్గర సైరన్ ఆపారు. అప్పటికి ఆమె మాట్లాడే స్థితిలో లేదు. సాయంత్రానికి పోయింది.

నాకు కావలసింది ఇది. సైరన్ రోడ్డు మీద వాళ్లకు వినపడాలి. లోపల పడుకున్న మనిషి మాట పక్కన కూర్చున్న మనిషికి వినపడాలి. రెండూ కుదిరితేనే అప్పగింత కాగితం మీద సంతకం పెడతాను.

ఇవి ఫోన్లో చెప్పగలిగే మాటలు కావు. ఉత్తరమే రాయండి. మీ ఊరి బస్సు కండక్టరు తెచ్చి ఇస్తానన్నాడు.

ఇట్లు,
వ్యాను ఇస్తున్న వ్యక్తి

తా.క. దీపాలు మీ ఇష్టం.

*

సారుగారికి,

కూతల మేస్త్రి నమస్కారాలు. బజార్లో నా పేరు అదే లెండి, అసలు పేరు చెబితే మా ఇల్లు ఎవరూ చూపించరు. ఇక్కడ అందరం క్షేమం, వ్యాను బ్యాటరీ ఒక్కటే కాస్త నీరసంగా ఉంది. ఉత్తరం రాయమనడం మంచిదైంది. మా షాపులో ఫోన్ మోగినా ఎవరికీ తెలియదు.

మీ ఉత్తరం చదివి నేనూ మా ఆవిడా చాలా బాధపడ్డాం. నాకు విషయం అర్థమైంది. ఆ బండి సైరన్‌లో సత్తువ లేదు, ముందున్నవాళ్లు దారి ఇవ్వలేదు. అంతేగా సార్? ఇక ఆ బెంగ వదిలేయండి. మీ బండికి పైకప్పు మీద జంట స్పీకర్లు వేశాను. కూతలు మూడు రకాలు. ఒకటి లాగి లాగి ఏడుస్తుంది. రెండోది గబగబా అరుస్తుంది. మూడోది బాతు గొంతు పిసికినట్టు ఉంటుంది, అది కూడళ్లకి. అది వేస్తే ముందున్నవాడు కారు అక్కడే వదిలి పరుగెత్తాల్సిందే.

పరీక్ష కూడా అయింది. వీధి చివర టీ కొట్టు అతను మా ఇన్‌స్పెక్టర్. వినపడితే చెయ్యెత్తుతాడు, అదీ మా పద్ధతి. మీ బండికి రెండు చేతులూ ఎత్తాడు. చేతిలో ఉన్న గ్లాసు ఏమైందని అడక్కండి.

లోపల కూడా వినపడాలని రాశారు కదా. అందుకని లోపల స్ట్రెచర్ తల దగ్గర ఇంకో స్పీకరు ఉచితంగా పెట్టాను.

ఇక దీపాలు. "మీ ఇష్టం" అని నాతో ఇంతవరకు ఒక్కరూ అనలేదు సార్. మా ఆవిడ కూడా అనలేదు. పైన ఎరుపు నీలం పట్టీ, అద్దాల పక్కన రెండు, వెనక తలుపులకు నాలుగు, చక్రాల మీద చక్రానికొకటి. స్విచ్ వేస్తే మా వీధి కోళ్లు తెల్లారిందనుకుని కూశాయి.

ఉంటాను,
మీ కూతల మేస్త్రి

తా.క. మా అత్తగారికి బొత్తిగా వినపడదు. మీ సైరన్ వేయగానే గుమ్మంలోకి వచ్చి "ఎవరర్రా పిలిచారు?" అంది. ఇంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?

*

మేస్త్రిగారికి,

నమస్కారం. మీరు నా ఉత్తరం సగమే చదివారు. ఆ రోజు దారి ఇచ్చారు. ఆలస్యం కాలేదు. ఆమె మాట నాకు వినపడలేదు. నా బాధ అది.

లోపలి స్పీకరు వెంటనే తీసేయండి.

ఇట్లు,
వ్యాను ఇస్తున్న వ్యక్తి

తా.క. దీపాలు మీ ఇష్టం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

*

సారుగారికి,

మేస్త్రి నమస్కారాలు. లోపలి స్పీకరు తీసేశాను. తీస్తుంటే మా మెకానిక్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, అంత అందంగా కుదిరింది.

"ఆమె మాట నాకు వినపడలేదు" అని రాశారు. ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే చెబితే ఇంత దూరం వచ్చేది కాదు కదా సార్. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? వయసు మీద పడితే ఎవరికైనా చెవి మందగిస్తుంది. మా బావమరిదికి తెలిసిన చెవి డాక్టరు ఒకాయన ఉన్నాడు, చెయ్యి మంచిది. చిరునామా ఈ ఉత్తరం వెనక రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మీ ఆసుపత్రి డాక్టరుగారు స్వయంగా వచ్చారు. పాత అంబులెన్సు ఇంజను పగిలిందట, ఇక లేవదట. మీ ఊరికి ఇప్పుడు బండి లేదు. "ఉన్నదున్నట్టు ఇచ్చేయవయ్యా" అన్నారు. "సారు సంతకం పెట్టలేదండీ" అన్నాను. "ఆయన్ని సైరన్ వినమను, వాళ్ల ఇంటి ముందు నిలబెట్టి మోగించు, అప్పుడు పెడతాడు" అన్నారు. ఆయన మంచివాడే, కోపంలో అన్నారు. అయినా సార్, మీరు పెట్టనంటారు, ఆయన పెట్టించమంటారు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. తప్పుగా అనుకోకపోతే ఒక మాట అడుగుతాను. ఊరు పెద్దదా, మీ ఒక్కరి చెవి పెద్దదా?

ఉంటాను,
మీ కూతల మేస్త్రి

తా.క. ఆ చెవి డాక్టరు దగ్గరికి వెళితే కాస్త గట్టిగా మాట్లాడండి. ఆయనకీ కొంచెం తక్కువే.

*

మేస్త్రిగారికి,

నమస్కారం. నా చెవులు బాగున్నాయి.

ఇకమీదట ఊహించకండి, రాసింది చేయండి. స్పీకర్లు పైకప్పు మీద నుంచి దించండి. ముందు బంపరు వెనక బిగించండి, వాటి నోరు రోడ్డు వైపు ఉండాలి. పైకప్పుకు, డ్రైవరు వెనక గోడకు లోపలివైపు మందంగా మెత్త వేయండి. ఆ గోడలో ఉన్న కిటికీ గట్టిగా మూయండి. తర్వాత పరీక్ష. టీ కొట్టు అతను వద్దు. మీరు స్ట్రెచర్ మీద పడుకోండి, మరొకరిని పక్కన కూర్చోబెట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడండి. వాళ్లకు వినపడిందో లేదో రాయండి.

మీరు అడిగిన మాటకు జవాబు. ఊరే పెద్దది. వీధిలో ఎవరు దగ్గినా నాకు భయంగా ఉంది. ఈ బండి లేక ఎవరికైనా ఏమైనా అయితే దానికి బాధ్యుణ్ణి నేనే. అయినా ఇప్పుడే సంతకం పెట్టను. పైకప్పు మీద సైరన్‌తో బండి ఒకసారి మీ షాపు గేటు దాటితే, ఆ బండి తుక్కుకు పోయేదాకా దాన్ని ఎవరూ కిందికి దించరు. అందులో పడుకున్న ఏ ఒక్కరి మాటా ఎవరికీ వినపడదు.

త్వరగా చేయండి.

ఇట్లు,
వ్యాను ఇస్తున్న వ్యక్తి

తా.క. చెవి డాక్టరు చిరునామా తిప్పి పంపుతున్నాను. మీ అత్తగారికి పనికొస్తుంది.

*

సారుగారికి,

నమస్కారాలు. ఈసారి ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టలేను. మొదటినుంచీ చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మీరు రాసినట్టే స్పీకర్లు బంపరు వెనక పెట్టాను. మెత్త వేశాను, కిటికీ బిగించాను. టీ కొట్టు అతను చెయ్యెత్తాడు, గ్లాసు కింద పెట్టే ఎత్తాడు. కానీ స్ట్రెచర్ మీద పడుకోవడం దగ్గర ఆగిపోయాం. బతికున్నవాడు ఒళ్లు బాగుండగా దాని మీద ఎందుకు పడుకుంటాడు సార్? నేను మెకానిక్‌ని చూశాను, వాడు నన్ను చూశాడు, ఇద్దరం కలిసి టీ తాగడానికి పోయాం.

మొన్న మధ్యాహ్నం మా ఆవిడ క్యారేజీ తెచ్చి, షాపు గుమ్మంలోనే కడుపు పట్టుకుని కూలబడింది. ముఖం పాలిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశాను. మా ఊరి బండి లేదన్నారు. మీ ఊరికి బండి లేదు కదా, అక్కడ ఎవరికో బాగాలేకపోతే ఇక్కడి బండి అటు వెళ్లిందట.

ఆవిడని మీ వ్యానులోనే వేశాం. మెకానిక్ నడిపాడు, నేను బల్ల మీద కూర్చున్నాను. వీధి మలుపు తిరిగామో లేదో ఆవిడ కళ్లు తెరిచింది.

"సైరన్ వేయమనండి."

"వేశాడే."

"నాతో అబద్ధమాడకండి. ఏదీ, వినపడదేం?"

"బంపర్లో పెట్టానే. లోపలికి రాదు. సారు అలాగే కావాలన్నారు."

"ఆపేశారు. మా నాన్నని తీసుకెళ్లేటప్పుడు కూడా ఇంతే, దారిలోనే ఆపేశారు. ఇంక తొందర లేదని."

"ఒసే, నీకు దణ్ణం పెడతాను, మోగుతోందే."

ఆవిడ నా మాట నమ్మలేదు సార్. నా చెయ్యి పట్టుకుని అప్పగింతలు మొదలుపెట్టింది. "అమ్మకి పచ్చ మూత సీసా పొద్దున, ఎర్ర మూతది రాత్రి. మీరు రెండూ కలిపి పోస్తారు, నాకు తెలుసు. మెకానిక్‌ని ఊరికే కసరకండి, వాడు పోతే మీ మొహం చూసి ఇంకొకడు రాడు." ప్రతి మాటా వినపడింది. మామూలు గొంతు కూడా కాదు, గుసగుస. అయినా వినపడింది. మీరు గెలిచారు సార్. కానీ ఆ మాటలు వింటూ ఆ బల్ల మీద కూర్చోవడం పగవాడికి కూడా వద్దు. ఆవిడ చెయ్యి చల్లబడిపోతోంది. నొప్పితో కాదు, భయంతో. ఆ సంగతి తర్వాత డాక్టరు చెప్పాడు.

ఇంక పట్టలేక లేచి ఆ కిటికీ పీకాను. బిగించింది నేనే, గోళ్లు విరిగాయి. జానెడు తెరుచుకుంది. సైరన్ లోపలికి వచ్చింది. ఆవిడ మాట మధ్యలో ఆపి విన్నది. "ఓహో, ఇంకా ఉన్నానన్నమాట" అంది. ఇక అక్కణ్ణించి ఆసుపత్రి దాకా నన్ను తిట్టింది. కిటికీ తెరిచే ఉంది, అయినా ఒక్క తిట్టూ పొల్లు పోలేదు.

పిత్తాశయంలో రాయట. తీసేశారు. ఇప్పుడు బాగుంది.

ఉంటాను,
మీ మేస్త్రి

తా.క. మీరడిగిన పరీక్ష అలా అయింది. కానీ ఇప్పుడు మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. కిటికీ జానెడు తెరిచే ఉండాలట, మూస్తే అప్పగింత కాగితం మీద నన్ను సంతకం పెట్టనీయదట. మీ ఒక్కరితోనే వేగలేకపోతున్నాను, ఇప్పుడు ఇద్దరయ్యారు.

*

మేస్త్రిగారికి,

నమస్కారం. చెల్లెమ్మ కోలుకుంటోందని చదివాక కూర్చోగలిగాను.

మీ ఊరి బండి మీకు అందకపోవడానికి కారణం నేను. దీనికి ఇంతకన్నా పెద్ద మాటలు నా దగ్గర లేవు. చెల్లెమ్మను చూసి చెప్పుకుంటాను.

ఆ సైరన్‌ను నేను చాలాకాలంగా తిట్టుకుంటున్నాను. నాకు ఆమె మాటను దూరం చేసిందనే అనుకున్నాను. పడుకున్న మనిషికి అది ఏమని వినపడుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. అది మోగినంతసేపూ తన కోసం ఇంకా పరుగెడుతున్నారని ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ సంగతి నాకు చెల్లెమ్మ చెప్పింది. ఆ రోజు ఆమె ఏం చెప్పిందో నాకు ఇక తెలియదు. మీ ఇంటి అప్పగింతలు చదివాక, అది ఏ సీసా సంగతో అయి ఉండవచ్చనిపించింది. అలా అయినా వినాలనే ఉంది.

కిటికీ విషయంలో చెల్లెమ్మ మాటే ఖాయం. జానెడు తెరిచి, అది మూసుకోకుండా ఒక చీల కొట్టండి. సంతకం పెట్టాను. కాగితం ఈ ఉత్తరంతోనే కండక్టరుకు ఇస్తున్నాను. ఇవాళే బండి పంపేయండి. చక్రాల మీది దీపాలు మాత్రం తీసేసి పంపండి.

నిన్న సాయంత్రం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. మళ్లీ ఏదో మెలిక పెట్టడానికి వచ్చాననుకున్నారు.

"ఇంకేమిటండీ?" అన్నారు.

"బండిలో తోడు ఎవరూ లేకుండా వచ్చేవాళ్లు ఉంటారా?"

"సగం మంది అలాంటివాళ్లే. పక్కన కూర్చోవడానికి మనిషి దొరకడు."

"నేను కూర్చుంటాను."

"మీకు వైద్యం రాదు కదా."

"రాదు. వింటాను."

ఆయన నా వైపు చూసి, "చెవులు బాగున్నాయా మరి?" అన్నారు. ఈ ప్రశ్న ఆయనకు ఎవరు నేర్పారో నాకు తెలుసు.

ఇట్లు,
మీ బావగారు

తా.క. బండి రేపటి నుంచి తిరుగుతుంది. పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్లి, స్ట్రెచర్ పక్కన ఆ బల్ల మీద కూర్చుంటాను.