మేత పడవ

మిలోలీ, హవాయి
మే 4

ప్రియమైన అదితికి,

జనవరి నుంచి నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడు ఎత్తినా లాభం లేదు, ఈ ఊళ్లో సిగ్నల్ అందదు. అందుకని ఉత్తరం.

నేనూ అమ్మా బిగ్ ఐలాండ్ చూడటానికి వచ్చాం. ఈ ఊరు ఒక పూట చూసి వెళ్లిపోదామనుకున్నాం. అమ్మ క్లినిక్‌లో సెలవు లేక ఇర్వింగ్‌లోని ఇంటికి తిరిగి వెళ్లింది. రిటైరైన రిపోర్టర్‌ని కనుక నేను ఉండిపోయాను. హైవే దిగాక నల్లటి లావా మధ్య మెలికలు తిరిగే సన్నటి రోడ్డు, దాని చివర సముద్రం, కొన్ని ఇళ్లు, ఒక చర్చి. కరెంటు లైన్ లేదు. ఇళ్ల మీద సోలార్ పలకలున్నాయి. 1926లో లావా వచ్చి పక్క ఊరిని కప్పేసింది. ఈ ఊరు మిగిలింది.

నేనుంటున్నది కెయోని అనే ముసలి జాలరి ఇంట్లో. తెల్లవారగానే అతను గుమ్మడికాయ, బొప్పాయి ఉడికించి, మెదిపి, పడవలో తీసుకెళ్లి చేపలకు వేస్తాడు. వల లేదు, గాలం లేదు. ఫిబ్రవరి నుంచి ఇదే పని. గోదావరి రేవులో మనవాళ్లు మరమరాలు వేసినట్టు పుణ్యానికి వేస్తున్నాడని అర్థమైంది. శాకాహారిని, నాకింతకంటే మంచి ఊరు దొరకదు. రోజూ గుమ్మడికాయలు తరిగిపెడుతున్నాను.

ఒకటే చిక్కు. నేను కట్టిన పడవ రెండుసార్లు ఊడి కొట్టుకుపోయింది. కెయోని ఈదుకుంటూ వెళ్లి తెచ్చాడు. “బ్రదర్, నువ్వు గుమ్మడికాయల దగ్గరే ఉండు” అన్నాడు.

ప్రేమతో,
నాన్న


శాంటా క్లారా
మే 23

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం చూసి భయమేసింది. రాసినందుకు కాదు, అందులో ఒక్క ప్రశ్న కూడా లేనందుకు!

చిప్ కంపెనీలో జాబ్ మానేసిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం నాకు ప్రెస్‌మీటే కదా. “ఎందుకు మానేశావ్? నెక్స్ట్ ఏంటి? రెంట్ ఎలా కడుతున్నావ్?” నేను నీ కూతుర్నా, కుంభకోణంలో ఇరుక్కున్న మేయర్నా అనిపించేది. అందుకే ఎత్తడం మానేశాను. నేను బాగానే ఉన్నాను. అంతవరకే చెప్తాను.

ఇక పడవ సంగతి. నువ్వు వేసేది షూ లేస్ ముడి, నాకు తెలుసు. అది వద్దు. తాడులో చిన్న ఉంగరం చుట్టు. కొసని స్తంభం చుట్టూ తిప్పి, ఆ ఉంగరంలోకి కింద నుంచి పైకి తీసుకురా. అసలు తాడు వెనక నుంచి తిప్పి, మళ్లీ ఉంగరంలోకే దించి బిగించు. ఎంత లాగినా జారదు, విప్పాలంటే ఈజీగా వస్తుంది. తాడు తడిగా ఉంటే కొస ఇంకాస్త పొడుగు వదులు. చేతికి మాత్రం చుట్టుకోకు, అల లాగితే వేళ్లు పోతాయి.

తప్పులు దిద్ది ఈ ఉత్తరం వెనక్కి పంపకు. జవాబు లేటైతే కంగారుపడకు.

అదితి


మిలోలీ
జూన్ 11

ప్రియమైన అదితికి,

ముడి నిలబడింది. నిన్న గాలికి పక్కవాళ్ల పడవ కదిలింది, మాది కదల్లేదు. నీ ఉత్తరంలో ఆ భాగం కెయోనికి ఇంగ్లీషులో చదివి చెప్పాను. “ఇది రాసినవాళ్లు పడవ మీద పనిచేసి ఉంటారు” అన్నాడు. “మా అమ్మాయి కంప్యూటర్ ఇంజినీర్” అన్నాను. అతను ఇంకో గుమ్మడికాయ నా ముందుకు దొర్లించాడు. ఇద్దరి మాటలూ ఉన్నవున్నట్టు రాశాను. వ్యాఖ్యానం లేదు.

ఇప్పుడు పడవ ఆగితే చాలు, చేపలు గుంపుగా పైకొస్తున్నాయి. రుచి కోసం మేతలో చిటికెడు ఇంగువ వేద్దామన్నాను. కెయోని వాసన చూసి, డబ్బా మూత గట్టిగా బిగించి, నా జేబులో పెట్టాడు. “ఇది నీ మేత” అన్నాడు.

అమ్మ కూడా ఉత్తరం రాసింది. మన లాన్ మోకాళ్లదాకా పెరిగిందట. చేపల్ని మేపింది చాలు, వచ్చి ఇక్కడ గొర్రెల్ని మేపుకోమంటోంది.

ఇందులోనూ ప్రశ్నలు లేవు. వెతికి చూసుకో.

నీ
నాన్న


శాంటా క్లారా
జూలై 8

ప్రియమైన నాన్నా,

నీ చేపల గురించి నెట్‌లో చదివాను. ఫిబ్రవరి నుంచి జూలై దాకా వల వేయకూడదన్నది అక్కడి పాత కట్టుబాటు. అన్నాళ్లూ మేత అలవాటు చేసి, ఆగస్ట్‌లో సరిగ్గా అదే చోట వల దించుతారు. పుణ్యం లేదు, ఏం లేదు! అన్నేళ్లు రిపోర్టర్‌గా చేసినవాడివి, ఒక్కసారి కెయోని అంకుల్‌ని అడగొచ్చు కదా? పడీ పడీ నవ్వాను.

తర్వాత నవ్వు ఆగిపోయింది. ప్రశ్నల్లేని ఉత్తరాలు, ఇంగువ జోకులు. రోజూ మెయిల్‌బాక్స్ తెరిచి చూడటం నాకూ అలవాటైపోయింది. నిజం చెప్పు నాన్నా, నేనూ ఆ చేపల్లో ఒకదాన్నేనా? ఆగస్ట్‌లో నాకూ వల ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్. ఉత్తరాలు ఆపేద్దాం.

అదితి


మిలోలీ
ఆగస్ట్ 3

ప్రియమైన అదితికి,

నీ అనుమానం న్యాయమైనదే. ఆధారాలన్నీ నాకు వ్యతిరేకంగా ఉన్నాయి. పుణ్యం సంగతి కెయోనికి చెప్తే పడవలో కూలబడి నవ్వాడు. ఊరంతా తెలిసింది. పిల్లలు నన్ను ‘పూజారి’ అంటున్నారు, ఆ మాట నేర్పింది నేనే.

నిన్న మొదటి వల వేశారు. నన్నూ రమ్మన్నారు. వెళ్లలేదు, ఒడ్డున నిలబడి చూశాను. ఊరికి సరిపడా పట్టి వల మడిచేశారు. చేపలు ఇంటింటికీ పంచారు. నా వాటా పక్కింటివాళ్లకిచ్చి అరటికాయ వేపుడు తిన్నాను. పట్టిన వాటికంటే వదిలేసిన గుంపే పెద్దది. ఈ పొద్దున్న వల లేకుండా మళ్లీ మేత పట్టుకెళ్లాం. చేపలు వచ్చాయి.

నా వరకు నేను మేత పడవ మనిషిని. వల పడవ ఎక్కను. బాగానే ఉన్నానని రాశావు, నాకు కావలసిన వార్త అదే. నువ్వు జవాబు రాసినా మానినా నా ఉత్తరాలు ఇలాగే వస్తాయి. వచ్చే నెలాఖరు దాకా ఇక్కడే ఉంటాను.

ప్రేమతో,
నాన్న


అలమీడా
ఆగస్ట్ 20

ప్రియమైన నాన్నకి,

పైన ఊరి పేరు చూశావుగా. శాంటా క్లారాలో ఇల్లు ఖాళీ చేసి చాలా రోజులైంది, ఉత్తరాల మీద మాత్రం పాత ఊరే రాస్తూ వచ్చాను. నీ ఉత్తరాలు అక్కణ్నుంచి ఫార్వర్డ్ అయి వస్తున్నాయి. అందుకే నా జవాబులు లేటు.

కెయోని అంకుల్ కరెక్ట్. నేను పడవ మీదే పనిచేస్తున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే ఫెర్రీలో డెక్‌హ్యాండ్‌ని. బోటు రేవుకి రాగానే తాడు విసిరి కట్టేది నేనే. చిప్‌లు డిజైన్ చేయడం వచ్చు గానీ ఇష్టం లేదు. ఇది ఇష్టం. జీతం తగ్గింది, రంగు కూడా తగ్గింది. అమ్మ చూస్తే సున్నిపిండి పట్టుకుని వెంటపడుతుంది. వచ్చే ఏడాది కెప్టెన్ లైసెన్స్ పరీక్ష రాస్తాను. ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదంటే, ఒక జవాబిస్తే నువ్వు ఇంకో ఐదు ప్రశ్నలు తీస్తావని.

సెప్టెంబర్ 12న మీ దగ్గరి కోనా ఎయిర్‌పోర్ట్‌కి వస్తున్నాను. ఎవరూ వల వేయలేదు, నేనే వస్తున్నాను. నోట్ చేసుకో. రాగానే నీ ముడి చెక్ చేస్తాను.

ఇన్నాళ్లు ఆగావు కాబట్టి ఒక ప్రశ్న అడగనిస్తున్నా. ఒక్కటే. ఆలోచించి అడుగు.

నీ
అదితి


మిలోలీ
ఆగస్ట్ 28

ప్రియమైన డెక్‌హ్యాండ్‌కి,

ఉత్తరం కెయోనికి చదివి వినిపించాను. “నేను చెప్పలేదూ” అని ఊరంతా తిరిగి చెప్పుకుంటున్నాడు. అమ్మకి హైవే దగ్గరికెళ్లి ఫోన్ చేశాను. అంతా వింది. తర్వాత, నువ్వు లైఫ్ జాకెట్ వేసుకుంటున్నావో లేదో కనుక్కోమంది. కుదరదు, నాకున్నది ఒక్క ప్రశ్నే అన్నాను.

ఆ ఒక్కదాని కోసం చాలా రాసి కొట్టేశాను. జీతమెంత, పరీక్షెప్పుడు, చలికాలంలో ఎలా, అన్నీ పోయాయి. చివరికి మిగిలింది ఇది.

పన్నెండో తేదీ రాత్రికి గుమ్మడికాయ కూర వండుతున్నాను. బెల్లం వెయ్యనా, వద్దా?

నాన్న