నీ పేరు పడని కార్డులు

ఒరే లక్ష్మన్నా,

ఆదివారానికి నువ్వు పోయి ఏడాది. సంవత్సరీకం కార్డులు ప్రొద్దుటూరులో మన డీటీపీ షాపులోనే కొట్టాను. నీ పేరులో ‘క్ష్మ’ ఇప్పటికీ విడిపోయే పడుతోంది. ఆ తప్పును నువ్వే దిద్ది, తెలుగు అక్షరాలు పేర్చే ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు పంపావు. వాళ్లు తీసుకున్నారని సంబరంగా చెప్పిన వారానికే, జమ్మలమడుగులో బస్సు కోసం నిలబడిన నీ మీద ఎలక్షన్ గొడవలో ఎవరో విసిరిన బాంబు పడింది. ఏ పార్టీతోనూ నీకు పని లేదు.

షాపు కంప్యూటర్‌ను నడిపే లైనక్స్‌లో కొత్తది వచ్చిందని నిన్న నీ స్నేహితుడు మస్తాన్‌తో వేయించాను. చూస్తే అందులో వచ్చిన ఆ అక్షరాల సాఫ్ట్‌వేర్ మాత్రం పాతదే.

“లైనక్స్ రిలీజుకు నెలల ముందే, అందులో పెట్టే సాఫ్ట్‌వేర్లకు కొత్త వెర్షన్లు తీసుకోడం ఆపేస్తారక్కా. లక్ష్మన్న దిద్దింది ఆ తర్వాత వచ్చిన వెర్షన్‌లో ఉంది. ఇంగ వచ్చే రిలీజు దాకా ఆగల్ల” అన్నాడు.

“ఇంగో రెండేండ్లా? ఆదివారం సంవత్సరీకం పెట్టుకోని యాడ ఆగేది మస్తానూ?”

కొత్త వెర్షన్‌ను విడిగా తెచ్చి ఎక్కించబోయాడు. అది నడవడానికి కావలసిన మిగతా సాఫ్ట్‌వేర్లన్నీ ఇందులో పాతవట, ఎక్కలేదు. ఊరందరి కోసం నువ్వు చేసిన పని నీ అక్క షాపుకే చేరలేదని ఒళ్లు మండిపోయింది.

చివరికి పేరున్న చోటు ఖాళీగా వదిలి కార్డులు కొట్టాను. మస్తాన్ సగం, నేను సగం తీసుకుని, ఒక్కో కార్డు మీదా నీ పేరు పెన్నుతో రాశాం.

— అక్క