పచ్చరంగు వేసింది నేనే

అక్కా,

ఈ ఉత్తరం బావకు ఇప్పుడే చూపించకు. దేశంలో అరవై ఏళ్ళుగా వచ్చిన భూకంపాల లెక్కలన్నిటినీ మా ఆఫీసులో మళ్ళీ సరిచూశాం. ఈమధ్య మీ వైపు పెట్టిన యంత్రాల్లో మీ ఊరి కింద చిన్న చిన్న ప్రకంపనలు ఒకే వరుసలో కనిపించాయి, అంటే అక్కడ భూమిలో పగులు ఉందన్నమాట. భూకంప ప్రమాదం చూపే కొత్త పటంలో మీ ఊరికి ఎర్రరంగు పడుతుంది. పాత పటంలో భయం లేదని పచ్చరంగు వేసింది నేనే. అప్పట్లో అటువైపు ఒక్క యంత్రం కూడా లేదు. నమోదు కాలేదు కాబట్టి కదలికే లేదనుకున్నాను. బావ అది నమ్మే, సర్పంచి హోదాలో మీ బడికి పై అంతస్తు వేయించాడు.

మొన్న ఫోన్లో చెప్పబోతే, "భూమి నీకు చెప్పి కదుల్తుందా, మరదలా?" అని నవ్వాడు. నేనూ నవ్వేశాను. అసలు మాట చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

పెద్ద భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. రేపే రావచ్చు, మన మనవల కాలానికీ రాకపోవచ్చు. పటం అచ్చవడానికి ఇంకా ఆర్నెల్లు పడుతుంది. అందాకా ఆగకు. హెడ్‌మాస్టరు కుర్చీలో ఉన్నది నువ్వు. స్తంభాలు గట్టిపరిచేదాకా పాఠాలు ఆవరణలో రేకుల షెడ్డు కింద పెట్టించు.

శనివారం ఇంజనీరును వెంటబెట్టుకుని వస్తాను. బావ ఎన్ని తిట్టినా పడతాను. పిల్లలు మాత్రం నేను వచ్చేసరికే బయట ఉండాలి.

నీ చెల్లి