నాన్న మీదికి రాని పీరు

2-9-86
నేను కిరస్తానంలో కలవబోతున్నానని అమ్మ తేల్చేసింది. హాస్టలు నుంచి తెచ్చిన ట్రంకు పెట్టెలో నా గదిలో ఉండే దేవమ్మ ఇచ్చిన చర్చి పుస్తకం దొరికిందట. దాని కిందే ఇస్లాం మీద ఒకటి, బౌద్ధం మీద రెండు ఉన్నాయి. అవి అమ్మకి కనపడలేదు. బి.ఏ. ఫైనల్లో నా పేపరే ప్రపంచ మతాలు అని ఎన్నిసార్లు చెప్పాలి? దేవుడి మీద డిగ్రీ ఏందే, పూజారి ఉద్యోగమిస్తారా అంటుంది. నాన్నేమో నాకు భక్తి ముదిరిందని నవ్వుతాడు. వీళ్ళిద్దరికీ ఇద్దరు కూతుళ్ళున్నట్టుంది. ఆ ఇద్దరిలో నేను లేను.

6-9-86, హాస్టలు
ధనుంజయరావు సార్ వ్యాసం రాయమన్నారు. రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్. పుస్తకాల్లోంచి ఎత్తిరాస్తే సున్నా. అనుభవమైన మనిషినే అడగాలి. బాగా రాస్తే వాల్తేరులో ఎం.ఏ. సీటుకి సిఫార్సు చేస్తారట.

నాకు వెతుక్కునే పని లేదు. మేం ముస్లింలం కాదు, అయినా పీర్ల పండక్కి మా ఊళ్ళో పెద్దపీరు ఎత్తేది మా నాన్నే. తాత మొక్కు అది. తాత తర్వాత ఇరవై ఆరేళ్ళుగా నాన్న. పది రోజులు గడ్డం గీయడు, చెప్పులేసుకోడు, ఒంటిపూట తింటాడు. పదో రోజు పీరు ఎత్తగానే అది మీదికొచ్చి ఒళ్ళు ఊగిపోతుంది. అప్పుడు ఆయన నోట వచ్చిందే ఊరికి వానల కబురు.

13-9-86
ఇంటికొచ్చి అడిగాను. నాన్న గేదెలకు చొప్ప వేస్తున్నాడు. పీరు వచ్చేది ముందు కాళ్ళలోనా, తలలోనా? వచ్చింది పీరేనని ఎట్లా తెలుస్తుంది? నిజంగా వస్తుందా, రావాలనుకుంటే వస్తుందా?

ఆఖరిది అడగకపోతే బాగుండేదేమో. కాదు, అసలు ప్రశ్న అదే.

నాన్న చేతిలో ఉన్న చొప్ప గేదె ముందు పడేశాడు. ఎప్పుడూ చూసుకోలా అమ్మా, ఈసారి చూసి చెబుతాలే అన్నాడు.

16-9-86
రాలేదు.

17-9-86
నిన్న నాన్న పీరెత్తుకుని నిప్పుల గుండం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. డప్పులు దంచారు. ఆడవాళ్ళు బిందెలతో కాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించారు. పీర్ల చావిడి చూసుకునే మౌలాలీ మామ సాంబ్రాణి పొగ ముఖానికే పట్టాడు. నాన్న సంతకి పోతున్నట్టు నడిచాడు. వానలెట్టా ఉంటయ్యో చెప్పు స్వామీ అని ఎవరో అరిస్తే, నాకేం తెలుసురా అన్నాడు. డప్పులు ఆగిపోయాయి.

అడిగి అడిగి తరిమేశావు గదే, పరీక్ష పెట్టటానికి పీరేమన్నా నీ క్లాసు పిల్లోడా అని అమ్మ నా మీద పడింది. ఇవాళ పొద్దున ఇంటికొచ్చిన మౌలాలీ మామ కోప్పడలేదు. పీరు అలిగాడు పిల్లా, రేపు చావిడికొచ్చి తప్పు చెప్పుకో, ఈ చదువు మానేస్తానని ఊదీ పట్టుకుని చెప్పు అన్నాడు. లేకుంటే వచ్చే ఏడు మీ నాన్న చేతికి పీరివ్వనియ్యరు, ఊరంతా నా నెత్తి మీద కూర్చుంది అన్నాడు.

సాయంత్రం నాన్న గడ్డం గీసుకుంటూ పిలిచాడు. ఎప్పుడొచ్చుద్దా, ఎట్టా వచ్చుద్దా అని చూస్తానే ఉన్నానమ్మా, చూస్తా ఉంటే రాలా అన్నాడు. మీ పుస్తకాల్లో ఇట్టా రానోళ్ళ సంగతి ఉందా అని అడిగాడు. నాలుగూ తిరగేశాను. అన్నిట్లో వచ్చినవాళ్ళ సంగతే ఉంది. లేదని చెప్పాను. చావిడికి పొమ్మని ఆయన అనలేదు. వద్దనీ అనలేదు.

18-9-86, ఉదయం 6
చావిడికి వెళ్ళను. వచ్చే ఏడు పీరు ఇంకెవరో ఎత్తుతారు. ఏడున్నర బస్సుకి నరసరావుపేట హాస్టలుకి పోతున్నాను. నాన్న మీదికి పీరు రాకపోవడమే వ్యాసంలో రాస్తాను, నేనడిగిన ప్రశ్నతో సహా.