వంద మార్కులకు పోగులు వేశాను

శ్రీపెరుంబుదూరు

నాయనకు సునీత వందనాలు. దేవుని దయవల్ల బాగున్నాను. నీ మోకాలు ఎట్ల ఉంది? అమ్మ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? ఫోన్‌లో నీకు సగమే వినపడుతుందని రాస్తున్నా. తమ్ముడి చేత నిదానంగా చదివించుకో.

ఇక్కడ వాన వదలడం లేదు. మన పెద్దారవీడులో చినుకు లేదంటే ఈ వాన మీద కోపమొస్తోంది. హాస్టల్ సాంబారుతో నోరు చచ్చిపోయింది. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు.

అసలు సంగతి, ఫ్యాక్టరీలో మా లైనులోకి రోబో కొంటారట. ఇనుప చెయ్యి అనుకో. నేనూ, నా పక్కన పనిచేసే సెల్వి అక్కా మిషన్‌కి అందించే సామాను అది అందిస్తుంది. పోటీ రెండింటి మధ్య. ఒకటి చవక, వేగం, బరువులూ మోస్తుంది, కానీ చుట్టూ కంచె వేసి మనుషుల్ని దగ్గరికి రానివ్వకూడదు. రెండోది నిదానం, చెయ్యి తగిలితే ఆగిపోతుంది, పక్కన మేమూ పని చేసుకోవచ్చు. ఒక సారు ఒక్కో గుణానికి మార్కులేసి, అన్నీ కూడి మొదటిది మేలన్నాడు. ఇంకో సారు, మేలైనదానికి ఎంత దగ్గర, నాసిదానికి ఎంత దూరం అని లెక్కగట్టి రెండోది అన్నాడు. అవే రోబోలు, అవే కొలతలు! నాకేమీ అర్థం కాలేదు.

చివరికి లైను తరఫున నన్ను అడిగారు. ధర, వేగం, బరువు, భద్రత, దేనికెంత విలువో వంద మార్కులు పంచమన్నారు. క్రిస్మస్‌కి పొట్టేలు కోసి నువ్వు వేసే పోగులు గుర్తొచ్చాయి. కండా ఎముకా కార్జం ప్రతి పోగులో సమానంగా పడాలంటావు కదా. నేనూ తలా ఇరవై ఐదు వేశాను. కంచె రోబో గెలిచింది. అదొస్తే మా ఇద్దరికీ అక్కడ పనుండదు.

సెల్వి అక్క వచ్చీరాని తెలుగులో, "నీ చేత్తోనే నన్ను పంపిస్తావా చెల్లీ?" అంది. భర్త లేని మనిషి, ఇద్దరు బిడ్డలు. నాకు ఏడుపొచ్చింది. సారును బతిమాలితే వచ్చే నెల మళ్ళీ వేయమన్నాడు. భద్రతకే ఎక్కువ వేస్తే అది న్యాయమా, నా కూటి కోసం వేసినట్టా? తల తిరిగిపోతోంది.

పొదిలి సంతలో ఒక పొట్టేలు ఒళ్ళు, వయసు, రేటు అన్నీ కుదిరినాక కూడా వదిలేశావు, గుర్తుందా? "మనిషి దగ్గరికి పోతే పొడవనొస్తాంది. ఇంక తక్కినవి చూసేదేంది, పద" అన్నావు. ముందు పొడిచేదాన్ని పక్కన పెట్టాల్సింది పోయి, నేను సంతలో నిలబడి పోగులు వేశానేమో నాయనా. ఇది సార్లకు ఎట్ల చెప్పాలో నువ్వే చెప్పు.

తమ్ముడితో కారప్పొడి పంపించు, సెల్వి అక్కకీ కలిపి. చర్చి అయ్యగారికీ, పెద్దమ్మకీ వందనాలు చెప్పు. ఆదివారం ప్రార్థనలో అమ్మను నా పేరు కన్నా ముందు సెల్వి అక్క పేరు తలుచుకోమను.

నీ బిడ్డ,
సునీత