ఎడమచెవికి అందేటంత

బెంగళూరు,
ఫిబ్రవరి 9

ప్రియమైన బావా,

ప్రభువు పేరట వందనాలు. అత్త ఎట్లుండాది? మోకాలికని పంపిన నూనె రాసుకుంటాండాదా, లేకుంటే మూత గూడా తియ్యకుండా బీరువాలో దాచిపెట్టిందా?

ఫోన్లో మెసేజి పెడితే నువ్వు "ఊ", "సరే" తప్ప ఇంగో మాట రాయవు. కాగితమిస్తే మాత్రం పేజీలకు పేజీలు నింపుతావు. అందుకే కాగితమే పట్టినా. ఈ కాలంలో మొగునికి జాబులు రాసే పెండ్లామా అని పక్కరూము పిల్ల ఒకటే నవ్వుడు. నవ్వనీ.

రెండు సంగతులు. ఆగస్టులో కర్నూల్లో నా సంగీత ప్రదర్శన పెడతామని పిలిచినారు బావా! కొచ్చికి పిలిచినారు, జర్మనీకి పిలిచినారు గానీ మన సీమలో పిలవడం ఇదే మొదలు. ఒక పాత పత్తిమిల్లు గోడౌను ఇస్తారంట. ఇనుప రేకు మీద మన మంగంపేట ముగ్గురాయి పొడి చల్లి, కింద స్పీకరు పెడితే, శబ్దానికి పొడి దానంతటదే ముగ్గులు తిరుగుతాది గదా, దాన్ని కెమెరాతో పట్టి గోడంత ఎత్తు చూపిస్తా.

పేపరోళ్ళు అడుగుతాండారు, నీ సంగీతమంతా ఇంత లోతు శబ్దాలతోనే ఎందుకుంటాదని. ఏం చెప్పేది? గనిలో రాయి పేల్చే తూటా ముందే పేలి మా ఆయనకు కుడిచెవి మొత్తం పోయింది, ఎడమచెవికి ఉరుము, లారీ గేరు అట్లాంటివే అందుతాయి, అందుకే సన్న శబ్దాలన్నీ తీసేసి ఆయన చెవికి కొలిచి చేస్తానని చెప్పేదా? వాళ్ళేమో అదేదో కొత్త పద్ధతి అనుకుంటాండారు. అనుకోనీలే.

రెండోది నీ సంగతి. ఈడ ఒక పెద్ద డాక్టరు నీ కాగితాలన్నీ చూసినాడు. ఎడమచెవి వెనకాల కోసి లోపల సన్నతీగ పెడతారంట, బయట మిషన్ తగిలిస్తారంట. మాటలు వినపడతాయంట బావా, మాటలు! నిన్ను వెనక నుంచి పిలిచి ఆరేండ్లయింది. భుజం తట్టీ తట్టీ నాకు విసుగొచ్చేసింది. ఒక్కసారి పిలిస్తే నువ్వు తిరిగి చూడల్ల. సరే అను.

నీ జవాబు కోసం కాచుకోనుండే,
నిస్సీ


మంగంపేట,
ఫిబ్రవరి 20

ఏమ్మే నిస్సీ,

మా అమ్మ నూనె మూత తీసింది. మోకాలికి మటుకు రాయలేదు, తలకు పెట్టుకుంది. వాసన బాగుండాదంట.

నీ కర్నూలు కబురు గుడిలో గూడా తెలిసిపోయింది. కీబోర్డు మీద కీచులు, ఈలలు పుట్టించి ఆరాధన చెడగొడతాందని అప్పట్లో పెద్దలంతా నిన్ను నిలబెట్టి అడిగిరి గదా, ఇప్పుడు పాస్టరు అయ్యగారు "మా సంఘం బిడ్డ" అని ప్రార్థనలో నీ పేరెత్తినాడంట. అమ్మ సైగలు చేసి చెప్పింది. పేరొచ్చినంక అందరూ చుట్టాలే.

నువ్వు పంపిన కొత్త సంగీతాన్ని మైకుసెట్టోళ్ళ పాత బాక్సుకు తగిలిచ్చి, ఎడమచెవి ఆనించుకోని విన్న్యా. మొదలు బాగుండాది. నడుమ ఒకచోట మజ్జిగలో నీళ్ళెక్కువైనట్టు పల్చబడింది. ఆడ ఇంగొంచెం చిక్కబెట్టు. చివర్లో ఒక గుమ్మనేది వస్తాది చూడు, అబ్బ! నేరుగా చెవి లోపలికొచ్చి కూచుంది. చెయ్యి పెడితే తెలిసే అదురు వేరు నిస్సీ, చెవిలో పడేది వేరు. అది పడినప్పుడు నువ్వు పక్కన కూచోని మాట్లాడినట్టే ఉంటాది నాకు.

ఆ గుమ్ముకు పక్కింటి లక్ష్మీదేవమ్మ ఇంట్లో గిన్నెలు అదిరినాయంట. వాకిట్లోకొచ్చి చేతులూపి ఏందేందో తిట్టింది. నేను నవ్వుతా తలూపితే ఇంగా రేగింది పాపం.

ఆపరేషన్ నాకొద్దే. ఉండే ఆ రవ్వంత వినికిడితో నిన్ను వింటానే ఉండా గదా. ఉన్నదాన్ని కెలుక్కోడం ఎందుకు?

భుజం తట్టి తట్టి విసుగొచ్చిందని రాసినావు. ఆ ముక్క చదివి జాబు మడిచిపెట్టినా. మళ్ళీ తీసి చదివినా.

నీ,
ఏసుబాబు


బెంగళూరు,
ఫిబ్రవరి 28

నా పిచ్చి బావకు,

విసుగంటే నీ మీద విసుగా? నీకు రాసేటప్పుడు ఇంగ మాట మాటా తూకమేసి రాయల్లేమో!

డాక్టరు చెప్పింది దాయకుండా చెప్తా. తీగ పెట్టినంక ఎడమచెవిలో మిగిలిన వినికిడి పోవచ్చునంట. పోతే పోనీ బావా. రవ్వంతకోసం మొత్తాన్ని వదులుకుంటామా? మిషన్ల సంగతి నాకు వదిలెయ్యి. పదైదేండ్లుగా వాటితోనే బతుకుతాండా. ఏ శబ్దాన్ని ఎట్ల వంచల్లో, యాడ లాగల్లో నాకు తెలుసు. లోతువి, సన్నవి అన్నీ వింటావు. ఇంగ నీ చెవికి కొలిచి చేసే పని గూడా తప్పుతాది నాకు. చేతులకు కట్టిన తాడు విప్పినట్టుంటాది.

మార్చి పన్నెండుకు ఆపరేషన్ రాయించినా. అత్తను తోడుకోని రా. ఎదురు చెప్పాకు.

మొండి పెండ్లాము,
నిస్సీ


మంగంపేట,
మే 18

నిస్సీకి,

మిషన్ తగిలిచ్చి నెల దాటింది. నీకు సంబరంగా ఉంటాదని అన్నీ రాస్తాండా.

కాకి అరిస్తే వినపడింది. కుక్కర్ కూత వినపడింది, ఎగిరిపడినా. మా అమ్మ నన్ను ఈ ఆరేండ్లూ ఏమేమి తిడతాండె అనేది ఇప్పుడు తెలుస్తాంది. మొన్న ఆదివారం అయ్యగారి ప్రసంగం మొదలు నుంచి కడదాకా విన్న్యా. ఇన్నాళ్ళూ దేవుడు నన్ను ఎంత కాపాడినాడో అప్పుడర్థమైంది!

మాటలు మాత్రం రేకుడబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టు వస్తాయి. ఆడామగా తేడా లేదు, అందరిదీ ఒకటే గొంతు. సాధన చెయ్యల్ల, మెల్లగా అలవాటైతాది అన్న్యాడు డాక్టరు. అమ్మ రోజూ పొద్దున కీర్తనల పుస్తకం పట్టుకోని చదువుతాది, నేను తిరిగి చెప్తా. తప్పు చెప్తే గద్దిస్తాది. ఈ వయసులో బడికి పోతాండా చూడు.

పోయిన నెల నువ్వొచ్చినప్పుడు వంటింట్లో నుంచి "బావా" అంటివి. తిరిగి చూస్తి. నువ్వు గరిట కింద పడేసి, ఆడనే కూలబడి ఏడిస్తివి. ఇంగేం కావల్ల నాకు.

కొత్త సంగీతం పంపుతాను వినమని మళ్ళీ మళ్ళీ అడుగుతాండావు. ఇప్పుడొద్దులే. కర్నూల్లో అందరితో కూచోని ఒకేసారి వింటా. వేళకు తిను.

నీ,
ఏసుబాబు


బెంగళూరు,
ఆగస్టు 25

బావకు,

ప్రియమైన అని రాసే ఓపిక ఈపొద్దు నాకు లేదు.

ముందు వరసలో నడిమి కుర్చీ నీకని పట్టుబట్టి పెట్టించినా. మనోళ్ళు వస్తారో రారో అని భయపడితి, గోడౌను నిండిపాయె. కర్నూలు కాలేజీ పిల్లోళ్ళు, ఆదోని నుంచి వచ్చిన ముసిలోళ్ళు, అంతా ఊపిరి బిగబట్టి కూచున్న్యారు. గోడ మీద మన ముగ్గురాయి లేస్తాంది, తిరుగుతాంది, విరుగుతాంది. నేను మిక్సరు ముందర నిలబడి నిన్నే చూస్తాండా. నువ్వు తలొంచుకోని చేతులు చూసుకుంటాంటివి. ఆ చివరి గుమ్మనేది, నీకు అంత ఇష్టమని ఇంగా పెంచి పెట్టింటి, అది వచ్చేలోపల లేచి పోతివి!

అన్నూర్ల జనం కూచోనుండారు. నా మొగుడొక్కడే లేచిపోయినాడు. అందరూ చప్పట్లు కొడతాంటే నేను వాకిలి పక్క చూస్తాండా. బయటికొచ్చి ఫోన్ చూసుకుంటే రెండు ముక్కలు: "బస్సెక్కినా. పదిలం."

చెవి వినపడనప్పుడు ప్రతిదానికీ వంక పెడితివి, ఈడ పల్చన, ఆడ చిక్కన అని. చెవులొచ్చినంక ఒక్క మాట లేదు. ఇప్పుడు అసలు రూపు తెలిసిందేమో, ఇదేం రొదరా నాయనా అనుకున్న్యావేమో. అనుకుంటే నా మొగం మీద చెప్పొచ్చు గదా! పారిపోతారా ఎవురన్నా?

హైదరాబాదులో సీరియళ్ళకు సంగీతం కట్టే ఉద్యోగం ఇస్తామంటాండారు. వచ్చే సోమవారం సంతకం పెడతా. స్పీకర్లూ, రేకులూ అన్నీ అమ్మేస్తా. నీకే పట్టనిది నేను ఎవురి కోసం చెయ్యల్ల?

నిస్సీ


మంగంపేట,
ఆగస్టు 28

నా బంగారు నిస్సీ,

సంతకం పెట్టాకు. ముందు ఆ మాట ఇచ్చి తర్వాత కింద చదువు. సోమవారం లోపల అందల్లని ఈ జాబు బెంగళూరు పోయే మన ఓబుళేశు చేతికిచ్చి పంపిస్తాండా.

నాకు ఏమీ వినపడలేదు. నచ్చకపోవడం కాదే తల్లీ, వినపడలేదు.

తీగ పెట్టిన దినమే ఎడమచెవిలో ఉండే ఆ రవ్వంతా పోయింది. మిషన్ తీసేస్తే ఇప్పుడు ఉరుము గూడా లేదు. పెట్టుకుంటే మాట వస్తాది, గిన్నె పడితే వస్తాది, నువ్వు చేసే లోతు శబ్దం దానికి చిక్కదు. ఏప్రిల్లోనే తెలుసు నాకు. ఇంట్లో ఎవురూ లేనప్పుడు బాక్సు ముందర కూచోని నీ పాతవన్నీ ఒకటి తర్వాత ఒకటి పెట్టుకున్న్యా. ఒకటే గరగర, తుప్పు పట్టిన సైకిలు చైను తిప్పినట్టు. చెయ్యి పెడితే బాక్సు అదురుతాంది. శబ్దం ఆడనే ఉండాది. నాకే లేదు. డాక్టరునడిగితే, అది మాట కోసం చేసిన మిషన్, మాట వరకు బాగానే పనిచేస్తాంది అన్న్యాడు. ఆయన తప్పేం లేదు.

నీకు చెప్పల్లని జాబు మొదలుపెట్టి చింపేస్తి. నేను తిరిగి చూస్తే నువ్వు ఏడిస్తివే, ఆ మొగం కళ్ళముందుంటే ఎట్ల చెప్పేది? మే నెలలో రాసిందంతా నిజమే. ఇది ఒక్కటే రాయలే.

కర్నూల్లో నా పక్కన ఎవురో పెద్దామె కూచోనుండె, ఎమ్మిగనూరంట. కొంగు నోట్లో కుక్కుకోని ఏడుస్తాంది. ఆమె మీద నాకు కుళ్ళు పుట్టింది నిస్సీ. దేవుడు క్షమించల్ల. నా ఒంటికి కొలిచి కుట్టిన చొక్కా ఊరందరికీ సరిపోయి, నాకు మాత్రం చెయ్యి దూరనట్టుండె. ఆ గోడౌనులో అది వినపడనోన్ని నేనొక్కణ్ణే. నీ ముందర ఏడిస్తే నువ్వు సగంలో ఆపేసి దిగొస్తావు. నాకు తెలుసు నీ సంగతి. అందుకే లేచి వచ్చేస్తి.

ఇంగొకటి గూడా చెప్పేస్తా, మళ్ళీ చెప్పే ధైర్యముండదు. ఈ ఆరేండ్లూ నీ గొంతు నా తలకాయలో చెక్కుచెదరకుండా ఉండె. నీ జాబు చదివితే నీ గొంతుతోనే వినపడతాండె. ఇప్పుడు చదివితే మిషన్ గొంతు వస్తాంది. మిషన్ తీసి పక్కన పెట్టి చదివినా అదే వస్తాంది. నీది యాడ పోయిందో తెలీడం లేదు. రోజూ వెతుక్కుంటాండా.

నిన్ననడం లేదు. నువ్వు చేసింది ప్రేమతో చేసినావు. వద్దని గట్టిగా నిలబడాల్సింది నేను. నువ్వు పిలిస్తే తిరగల్లని నాకు గూడా ఆశ ఉండె, అంతే.

పని మాత్రం ఆపాకు. ఆ పెద్దామెకు నేనెవురో తెలీదు, నా చెవి సంగతి తెలీదు, అయినా ఏడ్చింది. అది నువ్వు చేసిన పని. నా చెవి పోయిందని నువ్వు దాన్ని అమ్మేస్తే, ఆ పాపం నేను మొయ్యలేను. ఇంగ నాకు కొలవాకు. నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి, సన్నవి గూడా పెట్టు.

కొత్తది చేసినప్పుడు అది ఎట్లుండాదో జాబులో రాయి. ఎట్ల మొదలైతాదో, యాడ పైకి లేస్తాదో, యాడ ఆగుతాదో అంతా రాయి. చదివి అర్థమైతే అయిందని రాస్తా, కాకుంటే కాలేదని రాస్తా. పెద్ద జాబు రాయి. చదువుకోను నాకు శానా పొద్దుండాది.

నీ,
ఏసుబాబు