డప్పు కాచినట్టే బాంజో

గంగాధర్‌కు నీ తండ్రి రాజలింగు మస్కట్ నుంచి రాస్తున్నాను, నా ఒంట్లో బాగుంది.

నీ పెళ్లిలో పరువు పోతుందని డప్పు నా చేతిలోంచి లాక్కుని అటక మీద పెట్టావు. పదహారేళ్లయినా నేను మరవలేదు. ఫోన్లో ఆ మాటెత్తితే పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

మొన్న సాయంత్రం ఇక్కడి హోటల్ తోటలో అమెరికా పల్లెపాటల బ్యాండ్లు పాడాయి. స్టేజీ కట్టింది మేమే. ఒకాయన వాయించే బాంజో అనే తీగల వాయిద్యానికి మన డప్పులాగే తోలు బిగించి ఉంది. సముద్రపు చెమ్మకు అది మెత్తబడి మోగడం మానేసింది. ఆయన తల పట్టుకుంటే నేను అడిగి తీసుకుని కబాబుల బొగ్గుల దగ్గరికి పోయాను. నా రూమ్‌లో ఉండే అంజి, "కాకా, అది దొర బాజా! కాలితే నిన్ను ఇంటికి పంపుతరు" అన్నాడు. "నాకు చెప్తవారా?" అని, డప్పు కాచినట్టే తిప్పుతూ కాచి ఇచ్చాను. ఖంగున మోగింది. ఆయన నన్ను స్టేజీ ఎక్కించి, మైకులో నా పేరు చెప్పి దండం పెట్టాడు. ఆ మనిషి చల్లగుండాలి. మా నాయన నేర్పిన పనికి అంత మర్యాద చేశాడు.

కోడలి మోకాలి నొప్పి తగ్గిందా? డప్పును ఎలుకలు కొరికాయేమో దించి చూడు. అక్షిత చీరల ఫంక్షన్‌కి నాకు నెల సెలవు దొరికింది. నువ్వు డీజే పెట్టుకో, కానీ నా మనవరాలి ముందు డప్పు నేను వాయిస్తాను. పిల్లలకు నా దీవెనలు. వాయించనిస్తావో లేదో ఇరవయ్యో తారీఖులోగా చెప్పు. వద్దంటే టికెట్ తీయను.